పొట్టి మొక్కకి ఏ నీళ్ళు పోశావు

జూన్ 9

మిరియానికి,

నీ కవరు అందింది. పొట్లాలు రెండూ క్షేమం. ఎర్ర దారం కట్టింది పొట్టి మొక్క, తెల్ల దారం కట్టింది మామూలు మొక్క, అంతేగా? విత్తనాలు నశ్యం పొడిలా ఉన్నాయి. ఒక్క తుమ్ము వస్తే నీ పరిశోధన మొత్తం గోడకి అంటుకునేది. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని, పుల్ల తడిపి, ఒక్కొక్కటే ఎత్తి నాటాను. ఎర్ర దారానివి గుండ్రటి ఐస్‌క్రీమ్ డబ్బాల్లో, తెల్ల దారానివి పలకల డబ్బాల్లో. వెనక వరండా కిటికీ వాటికిచ్చేశాను. అక్కడ ఆరేసుకునే నా చీరలు ఇప్పుడు కుర్చీల మీద ఆరుతున్నాయి.

ఫోన్ చేయొచ్చుగా అని మీ అమ్మ ఒకటే నస. చెవి మిషన్ పెట్టుకుని ఫోన్ ఎత్తితే అది ఈల వేస్తుంది. తీసేస్తే నువ్వేమంటున్నావో వినబడదు. పైగా ఫోన్‌లో నువ్వు 'ఊ, ఊ' అంటూ ఇంకేదో పని చేసుకుంటావు. ఉత్తరంలో ఊ కొట్టడం కుదరదు.

ఇక నీ ఉత్తరం సంగతి. మూడు పేజీలు రాశావు, సంతోషం. అందులో మీ గైడు మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ అలా కాదన్నారు, మేడమ్ టీ తాగరు. ఆవిడ టీ తాగకపోతే నాకేం కొరత? ఆకుని ఎండకి ఎత్తిపట్టి ఈనెలు చూపించింది నేను. ఉల్లిపొర గాజుపలక మీద పరిచి, కణం అంటే ఇదమ్మా అని చెప్పింది నేను. అప్పటికి నీకు ముందు పళ్ళు కూడా రాలేదు. నాకేదో అసూయ అనుకోకు. ఉన్న మాట చెబుతున్నాను.

ఆ పొట్టిదాని జబ్బేమిటో రాయి. మేడమ్ మాటల్లో వద్దు. నీ మాటల్లో రాయి.

ఉల్లిపొర తాలూకు,
అమ్మమ్మ


జూన్ 18

అమ్మమ్మా,

ఈసారి జాగ్రత్తగా రాస్తున్నాను. తప్పనిసరైన చోట 'ఆవిడ' అంటాను. కోపం తెచ్చుకోకు.

నా మాటల్లోనే చెబుతాను. కణం చుట్టూ ఉన్న గోడ చాలావరకు చక్కెరలతో కట్టినదే అని నాకు మొదట చెప్పింది నువ్వే. సెల్యులోజ్ తాళ్ళు, వాటి మధ్య పెక్టిన్ జిగురు. మా పొట్టి మొక్క ఆ జిగురులో చేరాల్సిన ఒక చిన్న చక్కెరని తయారు చేసుకోలేదు. లోటు అదొక్కటే. కానీ ఆ ఒక్క లోటుకి మొక్క జానెడు కూడా ఎదగదు, ఆకు మడిస్తే అప్పడంలా విరుగుతుంది. చక్కెర లేకపోవడానికీ పెరగకపోవడానికీ మధ్యలో ఏం జరుగుతోందన్నదే నా పని. గోడలు మెత్తబడి నీళ్ళ గొట్టాలు నలిగిపోతున్నాయని, అందుకే వేరు పీల్చిన లవణాలు పైకి చేరడం లేదని ఆవిడ అనుమానం. నేను కోసి చూస్తే గొట్టాలు కొన్ని నలిగాయి, కొన్ని బాగానే ఉన్నాయి. ఎందుకో తెలియడం లేదు.

సెప్టెంబరు నెలాఖరు లోపల ఏదో ఒక కారణం చూపించాలి. చూపించకపోతే ఈ మొక్కని గోల్డ్ మెడల్‌కి ఇచ్చేస్తారు. మూడేళ్ళు పెంచింది నేను, అమ్మమ్మా. ఇది పోతే నాకు డాక్టరేట్ లేదు, మళ్ళీ మొదటినుంచి మొదలు.

గోల్డ్ మెడల్ అంటే నా పక్క బల్ల ఆయన. అందరూ అలాగే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఆయన తొడుక్కున్న గ్లవ్స్ కూడా మాసిపోవు. ఆయన మొలకల గిన్నెల్లో బూజు పట్టదు. నాకు అసూయ లేదని రాద్దామనే కూర్చున్నాను. కానీ నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన గిన్నెలో బూజు చూడాలని ఉంది.

నీకు విత్తనాలు పంపింది సరదాకే. పొట్టివి పొట్టిగానే వస్తాయి, బెంగపడకు.

హాస్టల్ ఫ్యాను కింద ఆరుతున్న,
మిరియం


జూలై 24

మిరియానికి,

కుర్చీలో కూర్చుని చదువు.

నీ పొట్టివి పొట్టిగా లేవు. గుండ్రటి డబ్బాల్లోవీ పలకల డబ్బాల్లోవీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. వేలెడు తేడా కూడా లేదు. తెల్లటి పూలు పూశాయి, కాయలు కూడా తొడుగుతున్నాయి. ఒక ఆకు మడిచి చూశాను. విరగలేదు, వంగింది.

మూడేళ్ళుగా చల్లటి గదిలో, రాత్రీ పగలూ దీపాలు పెట్టి మీరు పెంచలేనిది నా వరండాలో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో పెరిగింది. నేను చేసిందేమీ లేదు. పొద్దున్నే లేచి నీళ్ళు పోయడం, కాసేపు వాటితో మాట్లాడటం, అంతే. నీ సంగతులు చెప్పాను. మీ మేడమ్ సంగతులు చెప్పలేదు, ఎదుగుదల ఆగిపోతుందేమోనని.

ఈ మాట ఆవిడకి చెబుతావో మానతావో నీ ఇష్టం. చెబితే మాత్రం ఆవిడ ముఖం ఎలా పెట్టిందో రాయి. వివరంగా రాయి.

చేతి చలవ తెలిసిన,
అమ్మమ్మ


ఆగస్టు 1

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందినరోజే మీటింగ్. ఆవేశంలో అందరిముందూ చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆవిడ ముఖం ఏమీ పెట్టలేదు. "రెండు రకాల డబ్బాల్లోనూ తెల్ల దారం గింజలే పడ్డాయేమో కనుక్కో" అన్నారు, అంతే. గోల్డ్ మెడల్ మాత్రం నవ్వాడు. "మీ అమ్మమ్మగారిని ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకుందాం" అన్నాడు. ఆయన ఊరికే అన్నాడో వెటకారంగా అన్నాడో తెలియలేదు. నేను వెటకారమనే తీసుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోవుగా. రెండో కంటికి ఆపరేషన్ వాయిదా వేశావని అమ్మ చెప్పింది. ఎర్ర దారం, తెల్ల దారం నీకు స్పష్టంగానే కనబడ్డాయి కదా?

నీ మీద నమ్మకం లేక కాదు.

మిరియం


ఆగస్టు 14

కుమారి పరిశోధకురాలికి,

నమ్మకం లేక కాదు అని రాసిన చోట కలం కాస్త తడబడింది నీకు. చూశాను. ఆ మాత్రం కనబడుతోంది.

ముప్పై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. షేవింగ్ బ్లేడుతో కాండం కోస్తే అవతల వెలుతురు కనబడేంత పల్చగా కోసేదాన్ని. ఎర్ర దారమేదో తెల్ల దారమేదో తెలియకపోవడానికి, నీ చిన్నప్పటి గౌనుకి గుండీలు కుట్టింది ఎవరనుకున్నావు? ఈ అనుమానం నీది కాదని నాకు తెలుసు. ఎవరిదో కూడా తెలుసు. ఆవిడ నోటితో అడగలేక నీ చేత అడిగించింది.

అందుకని ఇందులో ఒక కొత్త పొట్లం పెడుతున్నాను. గుండ్రటి డబ్బాల్లో నిలువుగా ఎదిగిన మొక్కల కాయలు చిదిమి తీసిన గింజలు ఇవి. మీ చల్లగదిలో నాటు. పొడుగ్గా వస్తే నా కళ్ళు పోయినట్టు. పొట్టిగా వస్తే క్షమాపణ ఎవరు చెప్పాలో మీరే తేల్చుకోండి. నీదొక్కదానిదే అయితే నాకు అక్కర్లేదు.

మీ అమ్మకి కంటి సంగతులు ఊరంతా చెప్పొద్దని చెప్పు.

ఇట్లు,
మాజీ శాఖాధిపతి


సెప్టెంబరు 8

అమ్మమ్మా, అమ్మమ్మా,

పొట్టిగా వచ్చాయి. నువ్వు పంపిన గింజలన్నీ. ఆకు మడిస్తే విరుగుతోంది. అంటే నీ డబ్బాల్లో పొడుగ్గా ఎదిగినవి పొట్టి మొక్కలే. విత్తనం మారలేదు. చోటు మారింది.

మొన్నటినుంచీ నిద్ర లేదు. నా అనుమానం విను. ఆ పెక్టిన్ గొలుసులు రెండేసి జంటగా ముడిపడాలి. ఆ ముడి వేసేది బోరాన్, చొక్కాకి గుండీలాగా. చక్కెర లోటు వల్ల మా పొట్టిదాని కాజాలు వంకర. మేము పోసే పోషకద్రవంలో బోరాన్ మామూలు మొక్కకి చాలినంతే ఉంటుంది. కాజా వంకర అయినప్పుడు గుండీలు ఇంకా ఎక్కువ ఉంటే ఏదో ఒకటి పట్టుకుంటుంది కదా? గోడ బిగుస్తుంది, గొట్టాలు నిలబడతాయి, లవణాలు పైకి వెళతాయి. అలాగైతే మేడమ్ అన్నదీ నిజమే, నేను చూసిందీ నిజమే. అయితే నీ డబ్బాల్లోకి ఆ బోరాన్ ఎక్కడినుంచి వచ్చింది? ఏ నీళ్ళు పోశావు? పెరటి బోరు నీళ్ళేనా?

పదో తారీఖున గోల్డ్ మెడల్ మీ ఊరు వస్తున్నాడు. వాళ్ళ అక్క అక్కడే ఉంటుంది. నేనే బతిమాలాను. ఆయనకంటే ముందే అందాలని ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నీ దగ్గరికి వచ్చి రెండు డబ్బాల నీళ్ళు తెస్తాడు. మొక్కలకి పోసిన నీళ్ళే ఇవ్వు. దీనిమీదే అంతా ఆధారపడి ఉంది. ఆయనకి కాస్త టీ కూడా ఇవ్వు.

క్షమాపణ నాది, ముందుగా,
మిరియం


సెప్టెంబరు 11

మిరియానికి,

నీ గింజలు ఏమయ్యాయో ఇంకా కబురు లేదు. కానీ ఇక్కడ నిన్న జరిగింది చెబితే నువ్వు నన్ను ఎత్తుకుంటావు.

సాయంత్రం ఒక అబ్బాయి వచ్చాడు. పొడుగ్గా, శుభ్రంగా, చెప్పులు వరండాలో ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టి మరీ లోపలికి వచ్చాడు. అది చూడగానే అనుకున్నాను, వీడే ఆ బూజు పట్టనివాడని.

"అమ్మమ్మగారూ, మేడమ్ పంపారు. మీ మొక్కలకి పోసే నీళ్ళు కాస్త కావాలి" అన్నాడు.

"మా అమ్మాయి ఏమంది?" అన్నాను.

"తనకి తెలుసండి" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో.

నాకు అర్థం కాకపోవడానికేముంది? నెలాఖరు దగ్గరపడుతోంది. నా చేతి మొక్క సంగతి తెలిసి, నీకంటే ముందు కారణం పట్టేసి, నీ మొక్కని ఎగరేసుకుపోదామని ఆ మేడమూ ఈ అబ్బాయీ పన్నిన పన్నాగం. మొక్కలకి పోసేది పెరటి బోరు కుళాయి నీళ్ళు. ఆ బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు, నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకుంటుంది. నేను నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళి, నేను తాగే ఫిల్టర్ నీళ్ళు రెండు డబ్బాల నిండా పట్టి ఇచ్చాను. మూత బిగించి తుడిచి మరీ ఇచ్చాను. టీ కూడా ఇచ్చాను. రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

బోరు నీళ్ళు నీ కోసం అలాగే ఉన్నాయి. ఎప్పుడొస్తావో రా.

నీ పక్షం,
అమ్మమ్మ


సెప్టెంబరు 19

అమ్మమ్మా,

నీళ్ళు పరీక్షించారు. అందులో ఏమీ లేదు. బోరాన్ లేదు సరే, ఉప్పు కూడా లేదు. మేడమ్ మీటింగ్‌లో కాగితం బల్ల మీద పెట్టారు. "మొదట రెండు రకాల డబ్బాల్లోనూ తెల్ల దారం గింజలే పడి ఉంటాయి. తరవాత పంపినవి ఎర్ర దారం పొట్లంలో మిగిలిన గింజలై ఉంటాయి. పెద్దావిడ, తప్పు పట్టనక్కర్లేదు" అన్నారు. ఆ జాలి నాకు గుచ్చుకుంది. అక్టోబరు ఒకటి నుంచి మొక్క గోల్డ్ మెడల్‌ది. ట్రేలు కూడా ఆయన బల్ల మీదికి మార్చాను. నేనే మోశాను. వాటి మీద లేబుళ్ళు నా చేతిరాతవి. ఆయన వాటిని చింపలేదు. చింపితే బాగుండేది.

నువ్వేం చేస్తావులే. నీ మీద కోపం లేదు.

ఇంత రాసి కవరు అంటిస్తుంటే నీ పదకొండో తారీఖు ఉత్తరం వచ్చింది.

ఫిల్టర్ నీళ్ళా.

ఆయన్ని పంపింది నేను. మేడమ్ ఒప్పుకున్నారు, అంతే. నా ఉత్తరం నీకు ఆలస్యంగా అందినట్టుంది. అందేదాకా ఆగలేకపోయావా? ఒక్క ఫోన్ చేయలేకపోయావా, ఈల వేస్తే వేసింది?

ఇప్పుడు నేను వెళ్ళి, మా అమ్మమ్మ కావాలనే వేరే నీళ్ళు ఇచ్చింది అని చెప్పాలా? ఎవరు నమ్ముతారు? ఓడిపోయి కథలల్లుతోంది అంటారు. చెప్పను. రెండు వారాలు అమ్మ దగ్గరికి వెళుతున్నాను. కొన్నాళ్ళు నాకు రాయకు.

మి.


సెప్టెంబరు 26

మిరియానికి,

రాయకన్నావు. రాస్తున్నాను. చదవకపోయినా పర్వాలేదు, దాచుకో.

నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం ఆ అబ్బాయి వచ్చి వెళ్ళిన నాలుగో రోజున వచ్చింది. చదివాక ఆ రాత్రి వంటింట్లో ఫిల్టర్ కేసి చూస్తూ కూర్చున్నాను. అది తన పని తాను చేసింది. ఆ నాడే నీకు ఫోన్ చేయాల్సింది. ఈల వేస్తుందని కాదు చేయనిది. మొహం చెల్లక.

నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళావని తెలిశాకే నువ్వు చదివే ఊరు బయలుదేరాను. నువ్వు అక్కడ ఉంటే ముందు నిన్ను చూసేదాన్ని. చూస్తే ఏడ్చేదాన్ని. ఏడిస్తే నువ్వు క్షమించేదానివి. అంత చౌకగా తేలిపోవడం నాకు ఇష్టం లేదు. బోరు నీళ్ళు రెండు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను.

మీ మేడమ్ గది చూశాను. కుర్చీ నిండా కాగితాలు, కిటికీలో ఎండిపోయిన మొక్క. వృక్షశాస్త్రజ్ఞురాలి కిటికీలో. ఆవిడ చూడబోతే పొట్టి మనిషి, జుట్టుకి రబ్బరు బ్యాండు, నోట్లో కలం మూత. ద్వేషించడానికి వీలైన మనిషి అయి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అంత అనుకూలంగా ఏమీ లేదు.

"ఎవరు కావాలండీ?" అంది.

"మీరే. ఎర్ర దారం పొట్లం అమ్మమ్మని."

ఆవిడ లేచి నిలబడింది. "కూర్చోండి. ఆ కాగితాలు కింద పడేయండి, పర్వాలేదు."

"కూర్చుని చెప్పే మాట కాదమ్మా. మీ అబ్బాయికి నేనిచ్చింది వంటింటి ఫిల్టర్ నీళ్ళు. మొక్కలకి పోసింది పెరటి బోరు నీళ్ళు. పొరపాటున ఇవ్వలేదు. తెలిసే ఇచ్చాను."

"ఎందుకు?"

"మీరు పంపారన్నాడు కాబట్టి."

నోట్లోంచి కలం మూత తీసింది. "నేను మీకేం చేశానండీ?"

"ఏమీ చేయలేదు. మా పిల్ల ఉత్తరాల్లో మీరు ఉంటున్నారు. మూడేళ్ళుగా."

ఆవిడ చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. "నేను ఏం చెప్పినా మీ మనవరాలు ఏమంటుందో తెలుసా? మా అమ్మమ్మ అయితే ముందు కోసి చూడమంటుంది మేడమ్, అంటుంది. మీటింగ్‌లో, అందరి ముందూ. పరీక్ష సరిగా వస్తే, మా అమ్మమ్మ అప్పుడే చెప్పింది మేడమ్, అంటుంది. మీ పేరు వింటే నాకు ఒళ్ళు మంట."

"ఎప్పటినుంచి?"

"ఆ పిల్ల చేరిన మొదటి నెల నుంచి."

నీ దగ్గర దాపరికమెందుకు? ఇంత హాయి కలిగించిన మాట ఈమధ్య వినలేదు. కాసేపు ఇద్దరమూ కూర్చున్నాం. కాగితాలు నేనే కింద పెట్టాను.

ఆవిడ అంతటితో వదల్లేదు. "నవ్వాను కదా అనుకోకండి. మీరు తెచ్చిన నీళ్ళు నేను ముట్టుకోను. ఒకసారి మార్చిన చెయ్యి రెండోసారి మార్చలేదని నేనెవరికి చెప్పను?" అంది. నిజమే. రెండు డబ్బాలూ ఆవిడ సింకులో నేనే ఒంపాను. "ఇంకో మాట. ఆ పిల్ల పరువు పోయింది మీటింగ్‌లో. నా గదిలో చెబితే తిరిగి రాదు" అంది.

మధ్యాహ్నం మీటింగ్‌లో చెప్పాను. నువ్వు కూర్చునే కుర్చీ పక్కన నిలబడి, నీ తోటివాళ్ళందరి ముందూ. క్లాసులో నిలబడటం నాకు కొత్త కాదు, కానీ దోషిగా నిలబడటం కొత్త. ఆ అబ్బాయి అంతా విని, "అమ్మమ్మగారూ, ఆ డబ్బాలు దొర్లిపోతాయని రైల్లో దిండు తీసి వాటికి అడ్డం పెట్టాను. మెడ పట్టేసి వారం రోజులు తిరగలేదు" అన్నాడు. నేను క్షమించమన్నాను. వాడు వెటకారం చేసే రకం కాదు, మిరియం. మనమిద్దరం వాడి విషయంలో పొరబడ్డాం. నువ్వు కాస్త, నేను బాగా.

తీర్పు ఇది. అక్టోబరు ఒకటి గడువు ఆగింది. నువ్వు బంధువువి కాబట్టి నీళ్ళు నువ్వు పట్టకూడదు. నేను కుళాయి ముట్టుకోకూడదు. వాడే మళ్ళీ వచ్చి, తన చేత్తో పట్టి, సీలు వేసి తీసుకెళతాడు. నీ పొట్టి విత్తనాలు సగం ఆ నీళ్ళలో, సగం మీ ద్రవానికి బోరాన్ కలిపి పెంచుతారు. ఎదిగితే మొక్క నీది. ఎదగకపోతే వాడిది. ఆవిడ మాట తూకం వేసినట్టు ఉంటుంది. నాకు నచ్చింది. నచ్చినందుకు ఒళ్ళు మండింది.

కోపం ఇంకా ఉందా అని అడగను. ఉంటుంది.

కుళాయి నిషేధించబడిన,
అమ్మమ్మ


అక్టోబరు 30

అమ్మమ్మా,

నీ బోరు నీళ్ళలో బోరాన్ ఉంది. బాగా ఉంది. తాగకు.

పొట్టివి ఎదిగాయి. నీ నీళ్ళలోవీ, మేము బోరాన్ కలిపినవీ, రెండూ మామూలు మొక్కలతో సమానంగా నిలబడ్డాయి. మామూలు ద్రవంలో ఉంచినవి మాత్రం అలాగే నేలకి అతుక్కుని ఉన్నాయి. ఎదిగినవాటి కాండం కోసి చూశాను. గొట్టాలు గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయి, ఒక్కటీ నలగలేదు. మేడమ్ మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, తల ఎత్తకుండానే, "ట్రేలు నీ బల్ల మీదికి మార్చుకో" అన్నారు. గోల్డ్ మెడల్ మోయడానికి వచ్చాడు. నేనే మోసుకుంటానన్నాను.

పేపరు రాస్తున్నాం. నీళ్ళు పట్టినందుకు, కొలతలు తీసినందుకు ఆయన పేరు కూడా ఉండాలన్నారు మేడమ్. న్యాయమే. నా పేరు ముందు, ఆయన పేరు తరవాత. మధ్యలో ఒక కామా ఉంది. ఆ కామాని రోజుకొకసారి తెరిచి చూసుకుంటున్నాను. ఇంకా కాస్త ఎడం ఉంటే బాగుండునని ఉంది. నాకు ఈ గుణం ఎవరినుంచి వచ్చిందో పరిశోధన అక్కర్లేదు.

నీళ్ళకి వచ్చినప్పుడు ఆయన మీ ఇంట్లో రెండు రోజులు ఉన్నాడట. నీ పాత మైక్రోస్కోపు తుడిచి బాగు చేశాడట. నాకు ఆయనే చెప్పాడు. నువ్వు రాయలేదు. మేడమ్ కూడా ప్రతి ఆదివారం నీకు ఉత్తరం రాస్తున్నారని నిన్న తెలిసింది. నాకు ఒక్క పేజీ రాస్తావు, ఆవిడకి నాలుగు. ఆవిడ బల్ల మీద కవరు మందం చూశాను.

మీటింగ్‌లో నా కుర్చీ పక్కన నువ్వు నిలబడిన సంగతి అందరూ చెప్పారు. తలా ఒక రకంగా చెప్పారు. నేనొక్కదాన్నే చూడలేదు. ఆ రోజుకీ ఈ రోజుకీ నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే.

కోపం ఉందా అని అడగలేదు నువ్వు. ఉంది. ఉత్తరంలో పట్టడం లేదు. శనివారం బండికి టికెట్ తీసుకున్నాను. అక్కడికి వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, మిగిలిన కోపమంతా పడతాను. నువ్వు ఏడిస్తే క్షమించను. అదీ చెబుతున్నాను. ఇంట్లోనే ఉండు.

మిరియం